పేరుకు ఒకటే రేటు, కట్టేది వేరు: ఒడిశా సరిహద్దు కంపెనీల పన్ను లెక్క

రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, బరంపురం ఒడిశాలో ఉన్నా తెలుగు వ్యాపారం గట్టిగా సాగే ఊళ్లు. రాయగడ పక్కన జేకేపూర్‌లో కాగితం మిల్లు ఉంది. తేరుబలిలో ఫెర్రో క్రోమ్ ఫర్నేసులు, కాశీపూర్ వైపు టికిరి దగ్గర అల్యూమినా రిఫైనరీ, కొరాపుట్ జిల్లా దామన్‌జోడిలో ప్రభుత్వ రంగ సంస్థ నాల్కో రిఫైనరీ ఉన్నాయి. వీటితోపాటు జీడిపప్పు, బియ్యం, చింతపండు, కలప, లారీ రవాణా మీద బతికే చిన్న ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీలు కూడా ఉన్నాయి. కొన్ని వేల కోట్ల టర్నోవర్ ఉన్న కంపెనీకీ, గజపతి జిల్లాలో జీడిపిక్కలు కొట్టించే కంపెనీకీ చట్టంలో రాసిన పన్ను రేటు ఇప్పుడు దాదాపు ఒకటే. అయినా లాభంలో ఎన్నో వంతు పన్నుగా పోతోందని చూస్తే రెండింటి లెక్కా ఎక్కడా కలవదు.

పెద్ద కంపెనీలు పన్ను ఎగ్గొడతాయని ఒక మాట, చిన్నవాళ్లు అసలు కట్టరని ఇంకో మాట ఈ ఊళ్లలో తరచూ వినిపిస్తాయి. ఆ రెండు మాటలూ అసలు సంగతిని దాటేస్తున్నాయి. పెద్ద కంపెనీ తక్కువ శాతం కట్టడానికి చాలావరకు చట్టమే దారి ఇస్తోంది. చిన్న కంపెనీ చట్టంలోని రేటు కంటే ఎక్కువ శాతం కడుతున్న సందర్భాలు ఉన్నాయి, దానికీ చట్టమే కారణం. రెండో సంగతిని పట్టించుకునేవాళ్లు తక్కువ. నష్టం మాత్రం ఎక్కువగా అక్కడే జరుగుతోంది.

ఎఫెక్టివ్ టాక్స్ రేటును లెక్కగట్టడం సులువే. కంపెనీ కట్టిన ఆదాయపు పన్నును, పన్నుకు ముందు లాభంతో భాగిస్తే వచ్చే శాతం అది. చిక్కు ఎక్కడంటే ఆ లాభం కంపెనీల చట్టం ప్రకారం రాసిన పుస్తకాల్లోది, పన్ను మాత్రం ఆదాయపు పన్ను చట్టం ప్రకారం తేలిన ఆదాయం మీద పడేది. ఒకే వ్యాపారానికి రెండు రకాల లాభాలు ఉంటాయన్నమాట. పుస్తకాల లాభం కంటే పన్ను లెక్కలోని ఆదాయం తగ్గితే అసలు పడే శాతం తగ్గుతుంది. పెరిగితే అదీ పెరుగుతుంది. 2015 ఫిబ్రవరి 28న బడ్జెట్ ప్రసంగంలో అప్పటి ఆర్థిక మంత్రి అరుణ్ జైట్లీ ఈ విషయాన్నే ప్రస్తావించారు. రేటు 30 శాతం అయినా మినహాయింపుల వల్ల నిజంగా వసూలయ్యేది దాదాపు 23 శాతమేనని ఆయన చెప్పారు. కంపెనీలకు ఎంత శాతం పన్ను పడుతోందో లాభాల శ్రేణుల వారీగా కేంద్ర బడ్జెట్ పత్రాల్లో ఒక అనుబంధంగా వేస్తారు. 2019కి ముందు సంవత్సరాల పట్టికల్లో లాభం ఎక్కువున్న కంపెనీల మీద తక్కువ శాతం, చిన్న కంపెనీల మీద ఎక్కువ శాతం పడినట్టు కనిపిస్తుంది.

ఈ వ్యాసంలోని లెక్కలు, సెక్షన్ నంబర్లు 1961 చట్టం ప్రకారం, ప్రధానంగా 2024-25 ఆర్థిక సంవత్సరపు నిబంధనలను బట్టి ఇచ్చినవి. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం వచ్చింది కాబట్టి ఆ తర్వాతి లెక్కలకు సెక్షన్ నంబర్లు వేరుగా ఉంటాయి.

2019 కోత ఎవరికి ఎంత

2019 సెప్టెంబరు 20న కేంద్రం ఆర్డినెన్స్ తెచ్చి, మినహాయింపులు వదులుకునే కంపెనీలకు 22 శాతం రేటు ఇచ్చింది. 10 శాతం సర్‌ఛార్జి, 4 శాతం సెస్సు కలిపితే 25.168 శాతం. ఇదే ఆదాయపు పన్ను చట్టం సెక్షన్ 115బీఏఏ, ఇక్కడ కొత్త పద్ధతి అంటున్నది దీన్నే. పాత పద్ధతిలో 10 కోట్లకు మించి ఆదాయం ఉన్న పెద్ద కంపెనీకి 30 శాతం మీద 12 శాతం సర్‌ఛార్జి, 4 శాతం సెస్సు పడి 34.944 శాతం అయ్యేది. అంటే పెద్ద కంపెనీకి 9.8 పాయింట్ల తగ్గుదల.

చిన్న కంపెనీ సంగతి అలా కాదు. టర్నోవర్ 400 కోట్లు దాటని కంపెనీలకు పాత పద్ధతిలోనే 25 శాతం రేటు ఉంది. ఆదాయం కోటి దాటకపోతే సర్‌ఛార్జి ఉండదు, సెస్సుతో కలిపి 26 శాతం. కొత్త పద్ధతిలో ఆదాయం ఎంత చిన్నదైనా 10 శాతం సర్‌ఛార్జి తప్పదు. 26 నుంచి 25.168కి వస్తే మిగిలేది 0.83 పాయింటు. దేశమంతా కార్పొరేట్ పన్ను తగ్గిందని మాట్లాడుకున్న ఏడాదిలో పర్లాకిమిడి కంపెనీకి దక్కిన తగ్గింపు నూటికి రూపాయి కూడా కాదు. పైగా దానికోసం కొన్ని మినహాయింపులు వదులుకోవాలి. పెద్ద కంపెనీలు అప్పటిదాకా మినహాయింపుల ద్వారా శాతాన్ని తగ్గించుకుంటున్న మాట నిజమే కాబట్టి, వాటికి ఆ 9.8 పాయింట్లూ పూర్తిగా మిగిలాయని అనలేం. ఆ మినహాయింపుల్లో యంత్రాల తరుగుదలే, అంటే యంత్రం ఖరీదులో ఏటా కొంత ఖర్చుగా రాసుకునే మొత్తమే, అన్నిటికంటే బరువైనది.

యంత్రం కొన్న ఏడాది

కాగితం మిల్లులో గానీ ఫర్నేసులో గానీ 100 కోట్లతో కొత్త యంత్రాలు పెట్టారని అనుకుందాం. కంపెనీల చట్టం సాధారణ యంత్రాలకు 15 ఏళ్ల ఆయుష్షు లెక్క వేస్తుంది. 5 శాతం తుక్కు విలువ వదిలేస్తే పుస్తకాల్లో ఏడాదికి 6.33 కోట్ల తరుగుదల. పన్ను చట్టం మాత్రం మొదటి ఏడాదే 15 శాతం ఇస్తుంది. పాత పద్ధతిలో ఉన్న తయారీ కంపెనీకి దానిమీద అదనంగా మరో 20 శాతం, మొత్తం 35 కోట్లు. ఆ తరుగుదల తీసేశాక పుస్తకాల్లో 60 కోట్ల లాభం చూపిన కంపెనీకి పన్ను లెక్కలో 31.33 కోట్ల ఆదాయమే తేలుతుంది. 34.944 శాతం చొప్పున పన్ను 10.95 కోట్లు. అంటే 60 కోట్ల లాభం మీద 18.25 శాతం.

ఇదే కంపెనీ కొత్త పద్ధతిలోకి వెళ్తే అదనపు 20 శాతం పోతుంది. ఆదాయం 51.33 కోట్లు, పన్ను 12.92 కోట్లు, లాభం మీద 21.5 శాతం. ఎక్కువ రేటున్న పాత పద్ధతిలోనే ఆ ఏడాది తక్కువ పన్ను పడింది. యంత్రాలు పాతబడ్డాక ఇది తిరగబడుతుంది. పన్ను లెక్కలో తరుగుదల కరిగిపోయి, పుస్తకాల్లో ఇంకా మిగిలి ఉంటుంది. కాబట్టి ఏదో ఒక ఏడాది శాతం పట్టుకుని కంపెనీ ఎక్కువ కట్టిందనో తక్కువ కట్టిందనో తేల్చడం కుదరదు. విస్తరణ జరుగుతున్న ఏళ్లు, పాత యంత్రాలతో నడిచే ఏళ్లు కలిపి చూడాలి.

సరిహద్దు జిల్లాలకు సంబంధించి ఇక్కడే ఒక ముఖ్యమైన విషయం ఉంది. రాష్ట్ర విభజన తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం, రాయలసీమ నాలుగు జిల్లాలను కేంద్రం వెనుకబడిన ప్రాంతాలుగా నోటిఫై చేసింది. 2015 ఏప్రిల్ 1 నుంచి 2020 మార్చి 31 లోపు అక్కడ కొత్త యూనిట్ పెడితే అదనపు తరుగుదల 20 బదులు 35 శాతం, దానికి తోడు యంత్రాల ఖరీదులో 15 శాతం పెట్టుబడి భత్యం. మొత్తం మొదటి ఏడాదే 65 శాతం. తెలంగాణ, బిహార్, పశ్చిమ బెంగాల్లలో నోటిఫై చేసిన జిల్లాలకూ ఇది దక్కింది. ఒడిశాకు లేదు. రాయగడ, పార్వతీపురం ఒకే రైల్వే లైను మీది ఊళ్లు. అప్పట్లో పార్వతీపురం విజయనగరం జిల్లాలోనే ఉండేది. గజపతి, రాయగడ, కొరాపుట్ వెనుకబాటులో శ్రీకాకుళం కంటే ఏ కోశానా తక్కువ కాదు. అయినా నోటిఫై చేసిన రాష్ట్రాల్లో ఒడిశా లేదు కాబట్టి సరిహద్దు గీతకు అటువైపు ఆ రాయితీ వర్తించలేదు.

మరి అటూ ఇటూ కంపెనీలు కట్టిన పన్నులో అంత తేడా వచ్చిందా? పైన చెప్పిన 60 కోట్ల లాభం, 100 కోట్ల యంత్రాల ఉదాహరణనే 2017-18 నిబంధనల్లో పెట్టి చూద్దాం. పార్వతీపురం వైపు కంపెనీకి పన్ను ఆదాయం 1.33 కోట్లకు పడిపోతుంది, మామూలు లెక్కన పన్ను అర కోటి కూడా ఉండదు. రాయగడ కంపెనీకి మామూలు లెక్కన దాదాపు 10.84 కోట్లు. అయితే పుస్తకాల లాభం మీద కనీసం ఇంత కట్టాల్సిందేనని చెప్పే మ్యాట్ అప్పట్లో 18.5 శాతం. సర్‌ఛార్జి, సెస్సుతో 21.34 శాతం. 60 కోట్ల మీద అది 12.8 కోట్లు. రెండు కంపెనీలూ ఆ 12.8 కోట్లే కట్టాలి! వెనుకబడిన ప్రాంతపు రాయితీ మొదటి ఏడాది ఒక్క రూపాయి నగదు కూడా మిగల్చలేదు. మిగిలింది మ్యాట్ క్రెడిట్ ఒక్కటే, అంటే మామూలు లెక్క కంటే ఎక్కువగా కట్టిన మొత్తం. పార్వతీపురం కంపెనీకి 12 కోట్లకు పైగా, రాయగడ కంపెనీకి 2 కోట్ల లోపు. దాన్ని తర్వాతి ఏళ్ల పన్నులో సర్దుకోవాలి.

ఆ సర్దుబాటు పూర్తి కాకముందే 2019 వచ్చింది. కొత్త పద్ధతిలోకి వెళ్లే కంపెనీ పాత మ్యాట్ క్రెడిట్‌ను వాడుకోకూడదని అదే ఏడాది అక్టోబరు 2న కేంద్ర ప్రత్యక్ష పన్నుల బోర్డు (సీబీడీటీ) సర్క్యులర్ ఇచ్చింది. క్రెడిట్ పేరుకుపోయిన కంపెనీలకు రెండే దారులు మిగిలాయి. క్రెడిట్ అయిపోయేదాకా 34.944 శాతంలోనే ఉండటం, లేదా దాన్ని వదిలేసి 25.168కి మారడం. రాయితీ ఎక్కువ పొందిన కంపెనీకే ఈ ఇబ్బంది ఎక్కువ. ఒక రాయితీని ప్రకటించేటప్పుడు దానితో పాటు నడిచే మిగతా నిబంధనలు చూడకపోతే ప్రకటన ఒకటి, చేతికందేది ఇంకొకటి అవుతుంది. సరిహద్దు జిల్లాలకు ప్రత్యేక పన్ను రాయితీ కావాలని అడిగేవాళ్లు ఈ అనుభవాన్ని ముందు పెట్టుకోవాలి.

సొంత కరెంటు కూడా పెద్ద ఫ్యాక్టరీల శాతాన్ని బాగా కదిలించింది. ఫెర్రో అల్లాయ్స్, కాగితం, అల్యూమినా మూడూ కరెంటు మీద నడిచే పరిశ్రమలు, చాలావాటికి సొంత విద్యుత్ కేంద్రాలుంటాయి. 2017 మార్చి 31 లోపు ఉత్పత్తి మొదలైన కేంద్రం లాభం మీద పాత పద్ధతిలో 15 ఏళ్లలో వరసగా 10 ఏళ్లు పన్ను ఉండదు. తన కరెంటు తనే వాడుకునే కంపెనీ ఆ కేంద్రానికి లాభం ఎంతని చూపాలి? యూనిట్‌కు ఎక్కువ ధర కడితే పన్ను లేని విభాగంలో లాభం పెరిగి, పన్ను ఉన్న విభాగంలో తగ్గుతుంది. పారిశ్రామిక వినియోగదారుకు విద్యుత్ బోర్డు వేసే ధరనే మార్కెట్ ధరగా తీసుకోవచ్చని 2023 డిసెంబరులో జిందాల్ స్టీల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. బోర్డుకు అమ్మితే వచ్చే తక్కువ ధర తీసుకోవాలన్న ఆదాయపు పన్ను శాఖ వాదన నిలవలేదు.

జీడిపిక్కల కొనుగోలు దగ్గర

ఇప్పుడు చిన్న కంపెనీ వైపు వద్దాం. గజపతి, గంజాం, రాయగడ కొండల మీద జీడిమామిడి తోటలున్నాయి. గీతకు ఇవతల పలాస-కాశీబుగ్గలో ఉన్నట్టే అవతలా పిక్కలు ఉడకబెట్టి, కొట్టి, తొక్క తీసి, గ్రేడ్ చేసే యూనిట్లు ఉన్నాయి. వేసవిలో పిక్కలు దిగుతాయి. ఏడాదికి సరిపడా సరుకు ఆ కొద్ది వారాల్లోనే కొని పెట్టుకోవాలి. కొండ మీది సవర రైతు సంతకు తెచ్చేది కొద్ది కొద్దిగా. మధ్యలో దళారీ ఆ సరుకు పోగేసి 80 కిలోల బస్తాల లెక్కన మిల్లుకు దింపుతాడు. అతనికి నగదు కావాలి, ఎందుకంటే పైన రైతుకు అతను నగదే ఇచ్చాడు.

ఆదాయపు పన్ను చట్టం 40ఏ(3) ప్రకారం ఒక మనిషికి ఒక రోజులో 10,000 రూపాయలకు మించి నగదు ఇస్తే ఆ ఖర్చు మొత్తం లెక్కలోకి రాదు. 2017 దాకా ఈ హద్దు 20,000. ఇప్పటి ధరల్లో రెండు బస్తాలకే హద్దు దాటిపోతుంది. సరుకు నిజంగా కొన్నారు, డబ్బు నిజంగా ఇచ్చారు, పప్పు అమ్మి అమ్మకం చూపించారు. అయినా కొనుగోలు ఖర్చు మాత్రం పన్ను లెక్కలో లేనట్టే.

చట్టంలో మినహాయింపు లేకపోలేదు. వ్యవసాయ, అటవీ ఉత్పత్తులను పండించిన రైతు దగ్గరే కొంటే ఎంత నగదైనా ఇవ్వొచ్చని 6డీడీ నిబంధన చెబుతోంది. దళారీ దగ్గర కొంటే ఆ వెసులుబాటు లేదు. ఇక్కడ ఒక పని చేయవచ్చు. దళారీని అమ్మకందారుగా కాకుండా కంపెనీ ఏజెంటుగా, ముందే రాతపూర్వక ఒప్పందంతో పెట్టుకుని, కంపెనీ తరఫున రైతులకు నగదు ఇచ్చే పని అతనికి అప్పగిస్తే అదే 6డీడీలోని మరో క్లాజు వర్తిస్తుంది. అప్పుడు అతనికి ఇచ్చేది కమిషన్ అవుతుంది, దాని మీద టీడీఎస్ (డబ్బు ఇచ్చేటప్పుడే పట్టుకునే పన్ను) కోయాలి, రైతుల పేర్లు, ఊళ్లు, తూకాలు, వేలిముద్రలతో వోచర్లు ఉండాలి. పని పెరుగుతుంది గానీ ఖర్చు నిలబడుతుంది. అయితే కాగితం మీద ఏజెంటు, నిజంగా సొంత పెట్టుబడితో కొనే వ్యాపారి అయితే ఇది కుదరదు. ఈ సలహా సీజను మొదలు కాకముందు అందాలి. ఆడిటరు దగ్గరికి సెప్టెంబరులో పుస్తకాలు తీసుకెళ్లాక చేయగలిగింది ఏమీ ఉండదు, టెన్షన్ తప్ప.

నగదు ఒక్కటే కాదు. డబ్బాలు, అట్టపెట్టెలు సప్లై చేసే చిన్న తయారీదారుకు ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న పరిశ్రమగా కేంద్రం దగ్గర నమోదు) ఉంటే, ఒప్పందం లేనప్పుడు 15 రోజుల్లో, ఉంటే గరిష్ఠంగా 45 రోజుల్లో డబ్బు ఇవ్వాలి. గడువు దాటి మార్చి 31 నాటికి బాకీ ఉంటే ఆ ఖర్చు ఆ ఏడాదికి రాదు, నిజంగా చెల్లించిన ఏడాదే వస్తుంది. 2023-24 నుంచి ఇది అమల్లో ఉంది. టీడీఎస్ కోయకుండా ఇచ్చిన జాబ్ వర్కు ఛార్జీల్లో 30 శాతం ఆగిపోతుంది. కూలీల జీతంలోంచి కోసిన పీఎఫ్ గడువు తేదీకి ఒక్క రోజు ఆలస్యంగా జమ చేసినా ఆ మొత్తం ఇక ఎప్పటికీ ఖర్చుగా రాదని 2022 అక్టోబరులో చెక్‌మేట్ సర్వీసెస్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది.

ఇవన్నీ కలిస్తే ఏమవుతుందో ఊహించిన అంకెలతో చూద్దాం. కంపెనీ కొత్త పద్ధతిలో ఉంది, పుస్తకాల లాభం 40 లక్షలు. దళారులకు నగదుగా ఇచ్చి చిక్కుకున్నది 12 లక్షలు, గడువు దాటిన చిన్న సప్లయర్ల బాకీ 6 లక్షలు, టీడీఎస్ కోయని 5 లక్షల జాబ్ వర్కులో 30 శాతం కింద లక్షన్నర, ఆలస్యమైన పీఎఫ్ 50 వేలు. మొత్తం 20 లక్షలు ఆదాయానికి కలుస్తాయి. 60 లక్షల మీద 25.168 శాతం చొప్పున పన్ను 15.1 లక్షలు. 40 లక్షల అసలు లాభం మీద అది 37.75 శాతం.

ఇందులో సప్లయర్ల బాకీ, టీడీఎస్ మొత్తం ఏడున్నర లక్షలు ఆ తర్వాత కట్టేస్తే తిరిగి ఖర్చుగా వస్తాయి. ఆ మేరకు డిఫర్డ్ టాక్స్ (తర్వాతి ఏళ్లలో తగ్గబోయే పన్ను) రాసుకుంటే పుస్తకాల్లో కనిపించే శాతం 33కి దిగుతుంది. నగదు, పీఎఫ్ కలిపి పన్నెండున్నర లక్షలు మాత్రం శాశ్వతంగా పోయినట్టే. దాని మీద పడిన పన్ను 3.15 లక్షలు. ఎవరూ ఆదాయం దాచలేదు, దొంగ లెక్కలు రాయలేదు. బ్యాంకు శాఖ దూరంగా ఉన్న కొండ ప్రాంతంలో, నగదు మీద నడిచే సంతలో కొనుక్కున్నందుకు, అకౌంటెంటు నెలకోసారి మాత్రమే వచ్చి లెక్క రాసినందుకు పడిన పన్ను అది. పెద్ద ఫ్యాక్టరీ 18 శాతం కట్టిన ఏడాదిలోనే పక్క జిల్లా జీడి కంపెనీ దాదాపు 38 శాతం కట్టే పరిస్థితి ఇలా వస్తుంది. నగదు మీద నియంత్రణ ఉండాల్సిందే. కానీ రైతుకు ఇచ్చిన మినహాయింపు రైతుకూ మిల్లుకూ మధ్య నిజంగా ఉన్న గొలుసును పట్టించుకోకపోవడం అన్యాయం. డిజిటల్ చెల్లింపులు కొండ ఊళ్లకు చేరేదాకా ఈ హద్దును కొద్ది మొత్తాల అటవీ, తోట సరుకుకు సడలిస్తే ఖజానాకు పోయేది తక్కువ, నిలబడే యూనిట్లు ఎక్కువ.

రాష్ట్రం ఇచ్చిన సబ్సిడీ

ఒడిశా ప్రభుత్వం పారిశ్రామిక విధానం కింద కొత్త యూనిట్లకు రాష్ట్ర జీఎస్టీ వాపసు వంటి ప్రోత్సాహకాలు ఇస్తుంది. ఆ డబ్బు ఆదాయమా కాదా అన్న తగవు పాతది. 1997లో సుప్రీంకోర్టు తీర్పిచ్చిన సాహ్నీ స్టీల్ కేసు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ ప్రోత్సాహకాల మీదే వచ్చింది. ఉత్పత్తి మొదలయ్యాక వ్యాపారం నడుపుకోవడానికి ఇచ్చిన సాయం ఆదాయమేనని కోర్టు చెప్పింది. సబ్సిడీ ఏ ఉద్దేశంతో ఇచ్చారన్నదే ముఖ్యమని 2008 పొన్ని షుగర్స్ తీర్పు వివరించింది. 2015 ఫైనాన్స్ చట్టం ఆ వాదనకు చాలావరకు తెర దించింది. ఆస్తి ఖరీదులోంచి తగ్గించే సబ్సిడీ తప్ప ప్రభుత్వాలిచ్చే దాదాపు ప్రతి సాయమూ ఆదాయమే. భువనేశ్వర్ కోటి రూపాయలు వాపసు ఇస్తే అందులో 25 లక్షలకు పైగా ఢిల్లీకి పన్నుగా వెళ్తుంది. ప్రాజెక్టు రిపోర్టులో సబ్సిడీని నిండు మొత్తంగా చూపించి బ్యాంకు లోను తెచ్చుకునే కంపెనీలు ఈ తేడాను మొదటి రిటర్ను వేసేటప్పుడు తెలుసుకుంటాయి.

గనుల కంపెనీల విషయంలో ఇంకో జాగ్రత్త అవసరం. కొరాపుట్ పంచపత్మాలి, రాయగడ వైపు బాఫ్లిమాలి కొండల బాక్సైట్ మీద కట్టే రాయల్టీ, జిల్లా ఖనిజ నిధికి ఇచ్చే వాటా లాభం లెక్కకు ముందే ఖర్చుగా పోతాయి. 2015 జనవరి 12కు ముందు లీజులకు ఆ వాటా రాయల్టీలో 30 శాతం, తర్వాత వేలంలో వచ్చిన వాటికి 10 శాతం. ఎఫెక్టివ్ టాక్స్ రేటులో ఇవి కనిపించవు. రాయల్టీ పన్ను కాదని, ఖనిజ హక్కుల మీద రాష్ట్రాలు వేరుగా పన్ను వేయవచ్చని 2024 జూలై 25న తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం 8-1తో తీర్పిచ్చింది. 2005 ఏప్రిల్ 1 నుంచి ఉన్న బకాయిలను 2026 ఏప్రిల్ 1 మొదలుకుని 12 ఏళ్లలో వాయిదాలుగా వసూలు చేసుకోవచ్చని ఆగస్టు 14న చెప్పింది. ఇలాంటి పన్ను పడితే లాభమే తగ్గుతుంది, ఎఫెక్టివ్ రేటు మారకపోవచ్చు. జిల్లా ప్రజలకు మాత్రం ఆదాయపు పన్ను కంటే ఈ డబ్బే దగ్గరగా వస్తుంది. కంపెనీ రిజిస్టర్డు ఆఫీసు భువనేశ్వర్‌లోనో కోల్‌కతాలోనో ముంబైలోనో ఉంటే ఆదాయపు పన్ను ఆ నగరం ఖాతాలోనే కనిపిస్తుంది, ఫ్యాక్టరీ ఉన్న జిల్లా పేరు ఎక్కడా రాదు.

శాతాన్ని పైకి నెట్టే చిన్న కారణాలు మరికొన్ని ఉన్నాయి. కంపెనీల చట్టం ప్రకారం తప్పనిసరిగా చేయాల్సిన 2 శాతం సీఎస్ఆర్ (సామాజిక బాధ్యత) ఖర్చు పన్ను లెక్కలో ఖర్చుగా రాదు. జరిమానాలూ అంతే. నష్టాలను 8 ఏళ్లు మాత్రమే ముందుకు తీసుకెళ్లగలరు. కుటుంబ కంపెనీలో సగానికి పైగా వాటా చేతులు మారితే ఆ నష్టాలు కూడా సాధారణంగా పోతాయి. మూతపడ్డ రైస్ మిల్లు కంపెనీని పాత నష్టాలు కలిసొస్తాయనుకుని కొన్నవాళ్లకు ఇది దెబ్బ. భాగస్వామ్య సంస్థగానే నడుస్తున్న మిల్లులకు రేటు 30 శాతం, సెస్సుతో 31.2 శాతం. 2019 కోత వాళ్లను తాకనే లేదు. భాగస్తులకు ఇచ్చే జీతం హద్దులో ఉంటే ఖర్చుగా వస్తుంది గనుక కొందరికి ఆ పద్ధతే కలిసొస్తుంది, లాభం పెరిగేకొద్దీ ఆ సౌకర్యం చాలదు.

కొత్త పద్ధతిలోకి వెళ్లినా పోని మినహాయింపు ఒకటుంది, 80జేజేఏఏ. చిన్న కంపెనీలు దీన్ని వాడుకోవాలి. నెలకు 25,000 మించని జీతంతో కొత్తగా చేర్చుకున్నవాళ్ల జీతంలో 30 శాతాన్ని మూడేళ్ల పాటు ఆదాయంలోంచి అదనంగా తీసేయవచ్చు. జీతం బ్యాంకు ద్వారా ఇవ్వాలి, పీఎఫ్ ఉండాలి, ఏడాదిలో 240 రోజులు పని చేసి ఉండాలి, నిరుటికంటే మొత్తం ఉద్యోగుల సంఖ్య పెరగాలి, టాక్స్ ఆడిట్ పరిధిలో ఉండాలి. జీడి యూనిట్లలో పప్పు తీసే ఆడవాళ్లకు కిలోల లెక్కన వారానికోసారి చేతికి డబ్బు ఇచ్చే చోట ఇవేవీ కుదరవు. పైన చెప్పిన 40 లక్షల లాభం కంపెనీయే 20 మందిని నెలకు 10,000 జీతంతో ఏడాది పొడవునా కొత్తగా పెట్టుకుంటే జీతాలు 24 లక్షలు, అదనపు మినహాయింపు 7.2 లక్షలు. ఏటా తగ్గే పన్ను 1.81 లక్షలు. యజమాని వాటా పీఎఫ్ 12 శాతం చొప్పున 2.88 లక్షలు. అదీ ఖర్చే కాబట్టి పన్ను పోను కంపెనీ మీద పడేది 2.15 లక్షలు. మొదటి మూడేళ్లు ఆ భారంలో ఆరింట అయిదు వంతులు పన్ను తగ్గింపులోనే తిరిగొస్తాయి.